షైలాక్‌ను కోర్టు నుంచి ఎలా బయటికి పంపాలి?

తెరవెనుక | శుక్రవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా కాలేజీ వార్షికోత్సవానికి షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నుంచి కోర్టు సీను వేయిస్తున్నాను. నాలుగో అంకం, మొదటి దృశ్యం. తెలుగు మాటలు నేనే రాసుకున్నాను. పిల్లలంతా డిగ్రీ వాళ్లు, సగం మందికి ఇదే మొదటి నాటకం.

కథ మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. బస్సానియోకి పెళ్లి ప్రయత్నానికి డబ్బు కావాలి. అతని స్నేహితుడు ఆంటోనియో పెద్ద వర్తకుడే గానీ ఆస్తంతా ఓడల్లో సముద్రం మీద ఉంది. అందుకని షైలాక్ అనే యూదు వడ్డీ వ్యాపారి దగ్గర 3,000 డకట్లు (అప్పటి బంగారు నాణేలు) మూడు నెలల గడువుకి తీసుకుని, ఆంటోనియో సంతకం పెడతాడు. ఈ అప్పుకి వడ్డీ వద్దు, గడువు దాటితే మాత్రం నీ ఒంట్లోంచి ఒక పౌండు మాంసం కోసుకుంటానని షైలాక్ రాయించుకుంటాడు. ఓడలు మునిగాయని కబురొస్తుంది, గడువు దాటిపోతుంది. కోర్టులో బస్సానియో పెళ్లాడిన పోర్షియా మగ లాయరు వేషంలో వచ్చి, మాంసం కోసుకో గానీ రక్తం చుక్క కూడా పడకూడదు, పత్రంలో రక్తం మాట లేదు అంటుంది. అక్కడితో కేసు తిరగబడుతుంది. షైలాక్ ఆస్తి చేజారుతుంది. మతం మారాలంటారు. సరేనని వెళ్లిపోతాడు.

మేం ఆగిపోయింది ఆ వెళ్లిపోవడం దగ్గరే. నిన్న రిహార్సల్లో బస్సానియో స్నేహితుడు గ్రాషియానో వేషం వేస్తున్న కుర్రాడు షైలాక్‌ని వెక్కిరిస్తుంటే చూస్తున్న పిల్లలు ఈలలు వేశారు. షైలాక్ వేస్తున్న అబ్బాయి నడుస్తూ నడుస్తూ మధ్యలో నిలబడిపోయాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, “సార్, నేను ఓడిపోయి వెళ్తున్నానా, నన్ను వెళ్లగొడుతున్నారా? రెండిటికీ నడక ఒకటి కాదు కదా” అని అడిగాడు. నాకు జవాబు తట్టలేదు. ఎనిమిది రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 9.34

ఓడిపోయే వెళ్తున్నాడు మాస్టారూ. ఇందులో అనుమానం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

కోర్టులో అందరి ముందూ చెప్పు అడుగున కత్తి నూరుకున్నవాడు. తూచుకోవడానికి త్రాసు కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. అప్పుకి రెండింతలు ఇస్తామన్నా వద్దన్నాడు. రక్తం కారి చచ్చిపోతాడు, కనీసం ఒక వైద్యుణ్ణయినా పక్కన పెట్టుకో అని పోర్షియా అంటే, పత్రంలో అలా రాసి ఉందా అని అడిగాడు. అలాంటివాడు తలొంచుకుని పోతుంటే పిల్లలు ఈల వేస్తే తప్పేముంది?

మా నాన్న ఒక వడ్డీ వ్యాపారి చేతిలో నలిగిపోయాడు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకుని అంకె తర్వాత వేసుకున్నారు. అసలు ఎప్పుడో తీరిపోయింది, వడ్డీకి వడ్డీ మాత్రం తీరలేదు. ఆ ఇంటి అరుగు ముందు నేనూ చెల్లీ ఎన్ని సాయంత్రాలు నిలబడ్డామో నాకు తెలుసు. షైలాకుల మీద జాలి పుట్టేలా వేయొద్దని నా మనవి.

పాతపుస్తకం | శుక్రవారం, రాత్రి 10.48

గోదారిగట్టు గారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలతపడింది. అలాంటి బాధ పడ్డ మనిషికి షైలాక్ మీద కోపం రావడంలో తప్పేమీ లేదు. ఒక్క మాట మాత్రం చెప్పనివ్వండి. ఈ నాటకం ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి.

మీరు ‘షైలాకులు’ అని రాశారు. మన పేపర్లూ అలాగే రాస్తాయి. కానీ అది ఒక మనిషి పేరు. నాటకంలో అతన్ని పేరు వదిలేసి ‘యూదుడా’ అని పిలిచేవాళ్లే ఎక్కువ. ఆ పేరునే తిట్టుగా వాడుతున్నామంటే మనం కూడా వాళ్ల వరసలో నిలబడ్డట్టే.

అప్పు పుట్టిన మొదటి అంకం మూడో దృశ్యం ఒకసారి చూడండి. డబ్బు అడగడానికొచ్చిన ఆంటోనియోతో షైలాక్ ఏమంటాడు? అయ్యా, పోయిన బుధవారం నా మీద ఉమ్మారు, ఇంకో రోజు కాలితో తన్నారు, మరోసారి కుక్క అన్నారు, ఈ మర్యాదలకి బదులుగా మీకు ఇంత డబ్బు అప్పివ్వాలా అని అడుగుతాడు. దానికి ఆంటోనియో సిగ్గుపడడు. మళ్లీ అలాగే పిలుస్తాను, మళ్లీ ఉమ్ముతాను, మళ్లీ తంతాను అంటాడు. స్నేహితుడికి ఇచ్చినట్టు ఇవ్వకు, శత్రువుకి ఇచ్చినట్టే ఇవ్వు, అప్పుడైతే మాట తప్పినప్పుడు శిక్ష వసూలు చేసుకోవడానికి నీకు మొహమాటం ఉండదు అని కూడా అంటాడు. పౌండు మాంసం మాట ఆ తర్వాత వచ్చింది. చేయి చాచి అప్పు అడుగుతూ, ఇచ్చేవాడి మీద మళ్లీ ఉమ్ముతానని చెప్పగలిగాడంటే ఆ ఊళ్లో ఆ మనిషికి ఎంత విలువ ఉందో చూడండి.

ఇక ఆ కాలం సంగతి. షేక్‌స్పియర్ ఇది 1596-97 ప్రాంతంలో రాశాడు, 1600లో అచ్చయింది. ఇంగ్లండులోని యూదుల్ని మొదటి ఎడ్వర్డు రాజు 1290లోనే వెళ్లగొట్టాడు. తిరిగి వాళ్లని ఉండనిచ్చింది 1656లో. అంటే నాటకం చూడ్డానికొచ్చిన లండన్ జనంలో చాలామందికి యూదుడంటే కథల్లో విన్న భూతమే. దానికి తోడు 1594లో, ఎలిజబెత్ రాణికి వైద్యం చేసే రోడెరిగో లోపెజ్‌ను, ఆమెకి విషం పెట్టబోయాడన్న నేరం మోపి చంపేశారు. ఆయన యూదు మూలాలున్న పోర్చుగీసు మనిషి. అలాంటి గాలిలో పుట్టిన నాటకం ఇది. 1600 ప్రతి ముఖపత్రం మీదే షైలాక్ క్రూరత్వం గురించి ఊరించి రాశారు. జనాన్ని రప్పించే సరుకు అదే మరి.

వెనిస్‌లో 1516 నుంచి యూదుల్ని ఒక మూల పేటలో ఉంచారు. ‘ఘెటో’ అనే మాట ప్రపంచానికి అక్కడి నుంచే వచ్చింది. రాత్రయితే గేట్లు మూసేవారు. కాపలావాళ్ల జీతం లోపలున్న యూదులే కట్టాలి. బయట తిరిగేటప్పుడు గుర్తుగా రంగు టోపీ పెట్టుకోవాలి. ఈ ఘెటో సంగతి నాటకంలో ఎక్కడా కనపడదు, అక్కడి షైలాక్ రాత్రి భోజనానికి నిక్షేపంగా బస్సానియో ఇంటికి వెళ్తాడు.

వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి తన వాళ్లకి చెప్పేది. యూదులకేమో భూమి కొనే హక్కు లేదు, చేతివృత్తుల సంఘాల్లో చోటు లేదు. అన్ని దార్లూ మూసి, వడ్డీ వ్యాపారం, పాత బట్టల వ్యాపారం లాంటివి కొన్ని వదిలిపెట్టారు. ఆ దారిలో నడిచినందుకు మళ్లీ వాళ్లనే అసహ్యించుకున్నారు. ఇంగ్లండులో క్రైస్తవులు మాత్రం వడ్డీ తీసుకోలేదా అంటే శుభ్రంగా తీసుకున్నారు. 1571 చట్టం ఏడాదికి నూటికి పది దాటితే కఠినంగా శిక్షించేది, ఆ లోపుంటే చూసీచూడనట్టు పోయేది. మన లెక్కలో అది నెలకి నూటికి రూపాయి వడ్డీ కన్నా తక్కువే. షేక్‌స్పియర్ సొంత తండ్రి జాన్ మీదే 1570లో అధిక వడ్డీ ఆరోపణ వచ్చింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడు ఈ నాటకం రాశాడు.

ఎర్రమట్టి | శుక్రవారం, రాత్రి 11.20

పాతపుస్తకం గారూ, ఆ ‘పోయిన బుధవారం’ దగ్గర నేను ఆగిపోయాను.

మా తాత వాళ్ల ఊళ్లో కొన్ని వీధుల్లో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. డెబ్బై ఏళ్ల వయసులో కూడా ఎవరు ఎప్పుడు ఏమన్నారో వారంతో సహా చెప్పేవాడు. అన్నవాళ్లకి అదేదీ గుర్తుండి ఉండదు. నేను డిగ్రీలో ఈ పాఠం చదివినప్పుడు మాస్టారు ఆ వాక్యాన్ని గబగబా చదివేసి, దయ గురించి పోర్షియా చెప్పిన పద్యం మాత్రం అరగంట చెప్పారు. పరీక్షలో వచ్చేది అదే కాబట్టి.

నల్లకోటు | శనివారం, ఉదయం 7.05

నేను వకీలుని. కేసు వైపు నుంచి చూస్తే కుర్రాడి ప్రశ్నకి జవాబు దొరుకుతుందేమో.

మొదటి సంగతి, ఆ పత్రం అసలు చెల్లదు. మన ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 23వ సెక్షన్ ప్రకారం మనిషి ఒంటికి హాని చేసే ఒప్పందం చట్టవిరుద్ధం, దాని మీద దావా నిలబడదు. 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పితే ఇంత దండగ అని రాసుకున్నా కోర్టు ఇప్పించేది న్యాయమైన నష్టపరిహారమే. న్యాయం చేసే జడ్జి అయితే మొదటి అయిదు నిమిషాల్లో ఈ షరతు కొట్టేసి, అసలు ఇప్పించి ఇద్దర్నీ ఇంటికి పంపేవాడు. షైలాక్ 3,000 డకట్లతో వెళ్లేవాడు, ఆంటోనియో ప్రాణంతో వెళ్లేవాడు.

పోర్షియా అలా చేయలేదు. పత్రం చెల్లుతుందని ముందు ఒప్పుకుంది. కోసుకోవచ్చని తీర్పు కూడా చెప్పేసింది. షైలాక్ కత్తి ఎత్తాక అప్పుడు రక్తం మాట తీసింది. జర్మన్ న్యాయశాస్త్రవేత్త రుడాల్ఫ్ ఫాన్ యేరింగ్ 1872లోనే దీన్ని తప్పుపట్టాడు. పత్రం నీతికి విరుద్ధమని ముందే కొట్టేయాలి, చెల్లుతుందని చెప్పాక మాంసంతో పాటు వచ్చే రక్తాన్ని అడ్డం పెట్టడం కుయుక్తి అన్నాడు. మన కాంట్రాక్ట్ యాక్ట్ వచ్చింది కూడా 1872లోనే. ఆ రెండూ ఒకే ఏడాదివని గమనించిన రోజు నాకు చాలా ఆశ్చర్యమేసింది.

రెండో సంగతి ఇంకా పెద్దది. రక్తం మాటతో షైలాక్ వెనక్కి తగ్గాడు. సరే, మూడింతలు ఇవ్వండి, వెళ్లిపోతానన్నాడు. ఇవ్వమన్నారు. పోనీ అసలు ఇవ్వండి అన్నాడు. అదీ ఇవ్వమన్నారు. సరే, నాకేమీ వద్దని తిరిగి వెళ్లబోయాడు. కేసు అక్కడితో అయిపోవాలి. అప్పుడు పోర్షియా ‘ఆగు, చట్టం నిన్ను ఇంకో రకంగా కూడా పట్టుకుంది’ అని కొత్త శాసనం చదువుతుంది. పరదేశి ఎవరైనా వెనిస్ పౌరుడి ప్రాణం తీయబోతే, అతని ఆస్తిలో సగం ఆ పౌరుడిది, సగం ప్రభుత్వానిది, ప్రాణం వెనిస్‌ని ఏలే డ్యూక్ దయ మీద. ఆ ‘పరదేశి’ అన్న మాట గమనించండి. ఆ ఊళ్లో కాపురం ఉండి, అక్కడే వ్యాపారం చేసి, అక్కడే కూతుర్ని పెంచిన మనిషి చట్టం ముందు పరదేశి. దావా వేసిన ఫిర్యాదుదారు ఆ ఒక్క మాటతో ముద్దాయి అయిపోయాడు.

ఇంకొకటి. తీర్పు చెప్పింది ఎవరు? ఆంటోనియో ఏ స్నేహితుడి కోసం ఈ అప్పు చేశాడో ఆ స్నేహితుడి భార్య. పడువా న్యాయపండితుడు పంపిన మనిషినని చెప్పుకుని వచ్చింది. ఇవాళ ఏ కోర్టయినా ఈ ఒక్క కారణంతో తీర్పు రద్దు చేస్తుంది. 2016లో వెనిస్ ఘెటోకి 500 ఏళ్లు నిండినప్పుడు అక్కడ ఈ నాటకం వేసి, షైలాక్ అప్పీలు అని ఒక నమూనా విచారణ కూడా జరిపారు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అధ్యక్షత వహించారు. మాంసం షరతు చెల్లదన్నారు, ఆస్తి తిరిగి ఇచ్చేయాలన్నారు, మతమార్పిడి రద్దు చేశారు.

అందుకే నా జవాబు: మాంసం విషయంలో ఓడిపోయాడు, అది న్యాయమే. ఆ తర్వాత జరిగింది వెళ్లగొట్టడం. మాస్టారూ, అబ్బాయి నడకలో ఆ రెండూ ఉండాలి.

లెడ్జర్ | శనివారం, ఉదయం 8.40

బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నేను ఈ నాటకం చదివినప్పుడల్లా మనసు లెక్కల మీదికే పోతుంది.

అప్పు వాడుకున్నది బస్సానియో, సంతకం పెట్టింది ఆంటోనియో. హామీ సంతకాలు పెట్టి మునిగినవాళ్లని నా సర్వీసులో ఎంతమందిని చూశానో. ‘ఓడలు వచ్చేస్తాయి, గడువుకి నెల ముందే డబ్బు చేతికొస్తుంది’ అని ఆంటోనియో చెప్పినంత ధీమాగానే వాళ్లూ చెప్పేవారు. అతని ఓడలు ఎక్కడెక్కడున్నాయో బస్సానియో ఒకచోట వరసగా అడుగుతాడు: ట్రిపోలీ, మెక్సికో, ఇంగ్లండు, లిస్బన్, బార్బరీ, ఇండియా. అన్ని దిక్కులకీ పంపి, చేతిలో ఒక్క డకట్ లేకుండా కూర్చున్నాడు.

షైలాక్ దగ్గర కూడా అంత డబ్బు ఒకేసారి లేదు. మా వాడు ట్యూబల్ సర్దుతాడు అంటాడు. అంటే తనూ ఒకరి దగ్గర తెచ్చి ఇచ్చాడన్నమాట. పైగా వడ్డీ లేకుండా. వడ్డీ తింటాడని ఊరంతా తిట్టే మనిషి ఈ ఒక్క అప్పుకి దమ్మిడీ వడ్డీ అడగలేదు. ఆంటోనియో వడ్డీ లేకుండా అప్పులిచ్చి బజారులో వడ్డీ రేటు పడగొడుతున్నాడని షైలాక్‌కి అతని మీద పాత కోపం. ఇప్పుడు తనే వడ్డీ లేని అప్పు ఇచ్చాడు. ఆ లెక్క డబ్బు లెక్క కాదు.

చివరి పద్దు చూడండి. కోర్టు అయిపోయాక బస్సానియో ఆ ‘లాయరు’ దగ్గరికొచ్చి, షైలాక్‌కి కట్టాల్సిన 3,000 డకట్లూ మీ శ్రమకి బహుమానంగా తీసుకోండి అంటాడు! అప్పిచ్చినవాడి అసలు తీసి అతన్ని ఓడించినవాళ్లకి ఫీజు కింద ఇవ్వబోయారు. ఆ వాక్యం దగ్గర నాకు ప్రతిసారీ కడుపులో తిప్పుతుంది.

వెన్నెలమెట్లు | శనివారం, మధ్యాహ్నం 1.15

ఇంతమంది మాట్లాడారు గానీ జెస్సికా పేరు ఒక్కరూ తీయలేదు. షైలాక్ కూతురు. గడువు దాటకముందే ఒక రాత్రి మగపిల్లాడి బట్టలేసుకుని, డబ్బు పెట్టె కిటికీలోంచి కిందికి విసిరి, లొరెంజో అనే క్రైస్తవ కుర్రాడితో వెళ్లిపోయింది.

తర్వాత ట్యూబల్ వచ్చి కబుర్లు చెప్తాడు. జెనోవాలో ఒక్క రాత్రే ఎనభై డకట్లు ఖర్చుపెట్టిందట. ఒక ఉంగరం ఇచ్చి కోతిని కొనుక్కుందట. అప్పుడు షైలాక్ అంటాడు: అది నా టర్క్వాయిజ్ (నీలిపచ్చ రాయి) ఉంగరం, పెళ్లికి ముందు లియా నాకిచ్చింది, అడవినిండా కోతుల్నిచ్చినా నేను దాన్ని ఇచ్చేవాణ్ణి కాదు. లియా అంటే చనిపోయిన భార్య అని మనం అర్థం చేసుకోవాలి. నాటకం మొత్తంలో ఆ పేరు ఆ ఒక్కసారే వస్తుంది. అంతకుముందు అదే దృశ్యంలో, కూతురు ఆ నగలు పెట్టుకుని నా కాళ్ల దగ్గర చచ్చిపడి ఉంటే బాగుండు అన్న మనిషి కూడా ఇతనే. నాకు అతని మీద ప్రేమ లేదు. కానీ ఆ ఉంగరం మాట విన్నాక అతను నాకు రాక్షసుడిలా కనపడడం మానేశాడు.

పోర్షియా కూడా బస్సానియోకి ఒక ఉంగరం ఇస్తుంది, ప్రాణం పోయినా తీయనని ఒట్టు వేయిస్తుంది. కోర్టు అయిన గంటలోనే అతను దాన్ని ‘లాయరు’కి ఇచ్చేస్తాడు. చివరి అంకమంతా ఆ ఉంగరం మీద సరదా. అందరూ నవ్వుకుంటారు. జెస్సికా మాత్రం ఆ వెన్నెల్లో, తీయని సంగీతం వింటే నాకెప్పుడూ సంతోషం కలగదు అంటుంది.

పక్షపాతం యూదుల మీదే అనుకోకండి. పోర్షియాని పెళ్లి చేసుకోవడానికొచ్చిన మొరాకో రాకుమారుడు, నా రంగు చూసి నన్ను కాదనకు, ఇది సూర్యుడిచ్చిన రంగు అని మొదటి మాటగా చెప్పుకోవాల్సి వస్తుంది. పెళ్లికొడుకుని తేల్చడానికి పెట్టిన మూడు పెట్టెల్లో అతను తప్పుది తెరిచి వెళ్లిపోయాక, ఆ రంగువాళ్లంతా ఇలాగే ఎంచుకుంటే బాగుండు అంటుంది ఆవిడ. దయ మీద అంత గొప్పగా మాట్లాడిన నోరు అదే.

గోదారిగట్టు | శనివారం, సాయంత్రం 6.30

అందరి పోస్టులూ చదివాను. రాత్రి కూర్చుని నాటకం కూడా మొదటిసారి పూర్తిగా చదివాను, తెలుగు అనువాదం ఒకటి దొరికితే.

ఉమ్మిన సంగతి ఒప్పుకుంటున్నాను. అది నాకు తెలియదు. కానీ ఎవరూ చెప్పని ఒక మాట చెప్తాను. మూడో అంకంలో జెస్సికా అందరి ముందూ చెప్తుంది: డబ్బుకి ఇరవై రెట్లు ఇచ్చినా వద్దు, ఆంటోనియో మాంసమే కావాలని మా నాన్న తన వాళ్లు ట్యూబల్‌తో, చూస్ అనే అతనితో ఒట్టు వేసి చెప్పడం నేను విన్నాను అని. ఆ పిల్ల ఇంట్లోంచి వెళ్లింది గడువు దాటకముందు. అంటే కూతురు వెళ్లిపోయిన దుఃఖంలో పిచ్చెక్కి ఇలా చేశాడనడం కుదరదు. ముందు నుంచీ మనసులో ఉంది. ‘నవ్వులాటకి రాసుకుందాం’ అని సంతకం పెట్టించుకున్నాడు చూడండి, మా నాన్న చేత పెట్టించుకున్నవాడు కూడా ‘ఊరికే ఉంచుకుంటాను, నమ్మకం లేదా’ అనే అన్నాడు.

ఇంకోటి, ఆంటోనియో వెనిస్‌లో లేకపోతే నా ఇష్టం వచ్చినట్టు వ్యాపారం చేసుకోవచ్చు అని ట్యూబల్‌తో అంటాడు. అందులో అవమానం బాధ ఒక్కటే లేదు, పోటీదారుణ్ణి వదిలించుకోవడం కూడా ఉంది. మీరంతా అతని గాయం చూపిస్తున్నారు, మంచిదే. కత్తి కూడా చూపించండి.

పాతపుస్తకం | శనివారం, రాత్రి 8.15

గోదారిగట్టు గారూ, జెస్సికా సాక్ష్యం అంత పదునుగా పట్టుకున్నందుకు మీకు నమస్కారం. నా విద్యార్థులెవరూ ఆ మాట అడగలేదు. మీరన్నది నిజం.

‘యూదుడికి కళ్లు లేవా’ అనే ప్రసిద్ధమైన మాటలు కూడా మీ వైపే సాక్ష్యం చెప్తాయి. అందరూ దాన్ని సమానత్వం గురించిన ఉపన్యాసంలా సగం చదివి ఆపేస్తారు. మమ్మల్ని గుచ్చితే రక్తం రాదా, చక్కిలిగిలి పెడితే నవ్వమా, విషమిస్తే చావమా అని మొదలైన మాట ఎక్కడికి పోతుందో చూడండి. మాకు అన్యాయం చేస్తే మేం పగ తీర్చుకోమా అంటుంది. మీరు నేర్పిన దుర్మార్గమే నేను చేసి చూపిస్తాను, నేర్పినదానికన్నా బాగా చేస్తాను అంటుంది. మేమూ మీలాంటి మనుషులమే అని రుజువు చేయడానికి అతను చూపించిన చివరి సాక్ష్యం పగ. నాకు ఆ నాటకంలో అన్నిటికన్నా భయం కలిగించేది అదే.

కోర్టులో బానిసల మాట కూడా వదలొద్దు మాస్టారూ, చాలామంది కత్తిరించేస్తారు. మీరు డబ్బిచ్చి కొన్న బానిసలు మీ దగ్గర ఉన్నారు, గాడిదల్లా కుక్కల్లా వాడుకుంటున్నారు, వాళ్లని వదిలేయండి అంటే వదులుతారా, వాళ్లు మావాళ్లు అంటారు కదా, ఈ మాంసం కూడా నేను కొన్నదే అంటాడు. డ్యూక్ దగ్గర దానికి జవాబు లేదు. సభ వాయిదా వేస్తాను అనబోతాడు.

ఇక మీరు అడిగిన నిష్క్రమణ. పెద్ద పెద్ద నటులు ఒక్కొక్కరు ఒక్కోలా చేశారు. 18వ శతాబ్దం మొదట్లో షైలాక్ నవ్వించే పాత్ర. 1741లో చార్ల్స్ మాక్లిన్ అతన్ని భయపెట్టే మనిషిగా చేశాడు. 1814లో ఎడ్మండ్ కీన్ ఎర్ర విగ్గు తీసేసి నల్లది పెట్టుకుని వచ్చాడు, జనం మొదటిసారి ఒక మనిషిని చూశారు. ఆ నాటకం చూస్తుంటే వెనక నిలబడ్డ ఒకావిడ ‘పాపం, అతనికి అన్యాయం జరిగింది’ అని ఏడ్చిందని జర్మన్ కవి హైనే రాశాడు. 1879లో హెన్రీ ఇర్వింగ్ హుందాగా నడిచి వెళ్లేవాడు. 1970లో లారెన్స్ ఒలివియే వేదిక దాటాక, కనపడకుండా, తెర వెనక నుంచి ఒక్క కేక పెట్టేవాడు. ఇదే నాటకాన్ని 1943లో నాజీల చేతిలో ఉన్న వియన్నాలో యూదుల మీద అసహ్యం పెంచడానికి వేశారు. మాటలు అవే. కాబట్టి మీ అబ్బాయి ఎలా నడుస్తాడన్నది చిన్న విషయం కాదు.

లండన్‌చలి | ఆదివారం, ఉదయం 5.50

ఇక్కడ గ్లోబ్ థియేటర్లో 2015లో చూశాను. జోనథన్ ప్రైస్ షైలాక్, ఆయన సొంత కూతురే జెస్సికా. ఆ నాటకం ఉంగరాల సరదాతో ముగియలేదు. చివర్లో షైలాక్‌కి వేదిక మీదే బాప్తిస్మం ఇప్పించారు. ఒక పక్క లాటిన్ ప్రార్థన, ఇంకో పక్క జెస్సికా హీబ్రూలో ఏడుస్తూ పాట. నేను నిలబడి చూసే టికెట్ కొన్నాను, వేదికకి చాలా దగ్గర. మా చుట్టూ అంతకుముందు దాకా నవ్విన జనమే. ఇంటికెళ్లే రైల్లో నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

మాస్టారూ, కేక, ఏడుపు ఇవేవీ పెట్టకండి. మీ పిల్లలు కొత్తవాళ్లు, అవి గట్టిగా చేస్తే జనం నవ్వుతారు. అతని ఆఖరి మాటలేమిటో అవే నమ్ముకోండి.

వెన్నెలమెట్లు | ఆదివారం, ఉదయం 9.20

అవును, ఆఖరి మాటలు! ‘నన్ను వెళ్లనివ్వండి, నాకు ఒంట్లో బాగాలేదు. పత్రం వెనక నుంచి పంపండి, సంతకం పెడతాను.’ అంతే.

కథ మొదలైంది ఎక్కడ? నోటరీ దగ్గరికి వెళ్దాం రండి, సంతకం పెట్టండి అని షైలాక్ ఆంటోనియోని తీసుకెళ్లిన చోట. ఇప్పుడు తనే ఇంకో పత్రం మీద సంతకం పెట్టాలి. చనిపోయాక ఉన్నదంతా లొరెంజోకీ జెస్సికాకీ చెందుతుందని. క్రైస్తవుడయ్యాక వడ్డీ వ్యాపారం కూడా చేయలేడు. ‘బతికే ఆధారం తీసేస్తే నన్ను చంపినట్టే’ అని ముందే అన్నాడు. అంతా అయ్యాక ‘నీకు సమ్మతమేనా’ అని అడిగితే ‘సమ్మతమే’ అన్నాడు. మాస్టారూ, ఆ ఒక్క మాటకి ముందు అబ్బాయి చేత కాసేపు మౌనంగా ఉండమనండి. చూసేవాళ్లకి ఇబ్బంది కలిగేంతసేపు.

తెరవెనుక | మంగళవారం, రాత్రి 10.05

అందరికీ చాలా రుణపడి ఉన్నాను. మీ పోస్టులు ప్రింట్ తీసి పిల్లలకిచ్చాను. అందరూ చదివారు, గ్రాషియానో వేస్తున్న కుర్రాడు రెండుసార్లు చదివానన్నాడు.

కొన్ని మార్పులు చేశాం. బానిసల మాటలు నేను నిజంగానే కత్తిరించాను, మళ్లీ పెట్టాను. మొదటి అంకంలోని ‘పోయిన బుధవారం’ మాటలతో నాటకం మొదలవుతుంది, తర్వాత నేరుగా కోర్టుకి వెళ్తాం. గోదారిగట్టు గారూ, కత్తి మీరు చెప్పినట్టే ఉంచాను. నూరే చప్పుడు హాలంతా వినపడేలా మైకు పెట్టాం. ఆ చప్పుడికి మా ల్యాబ్ అటెండర్ గారు లేచి బయటికి వెళ్లిపోయారు.

నిష్క్రమణ వేదిక పక్క నుంచి తీసేశాను. షైలాక్ మెట్లు దిగి, ప్రేక్షకుల మధ్య నడవలోంచి హాలు వెనక తలుపు దాకా నడిచి వెళ్తాడు. కత్తి, త్రాసు వేదిక మీదే ఉండిపోతాయి. ఇవాళ రిహార్సల్లో మొన్న ఈలలు వేసిన పిల్లలే నడవ పక్కన కూర్చున్నారు. గ్రాషియానో వేదిక మీద నుంచి అరుస్తూనే ఉన్నాడు, అతను వెళ్తుంటే దారివ్వడానికి వాళ్లు కాళ్లు లోపలికి లాక్కున్నారు. ఒక్కరూ ఈల వేయలేదు. నేను చెప్పలేదు కూడా.

అయ్యాక అబ్బాయిని అడిగాను, ఓడిపోయి వెళ్లావా, వెళ్లగొట్టారా అని. “తలుపు ఎంత దూరం ఉందో చూసుకుంటూ నడిచాను సార్, ఇంకేం గుర్తులేదు” అన్నాడు.

గోదారిగట్టు | మంగళవారం, రాత్రి 10.31

కత్తి ఉంచినందుకు థాంక్స్ మాస్టారూ. అతను చేసింది తప్పేనన్న నా మాట మారలేదు. శనివారం ఎన్నింటికి? మా నాన్న కూడా వస్తానంటున్నాడు.

తెరవెనుక | మంగళవారం, రాత్రి 10.40

సాయంత్రం ఆరింటికి మొదలు. నాన్నగారిని ముందు వరసలో కాకుండా నడవ పక్కన కుర్చీలో కూర్చోబెట్టండి. నేను అట్టిపెడతాను.